పసిరికలకు నేల ఉసిరిక: పరీక్షలలో తేలినదేమి?

వానలు పడిన కొలది దినములకే మక్కచేలలోను, పొలము గట్లపైనను నేల ఉసిరిక మొలచును. కలుపు తీయువారు దీనిని పీకి పారవేయుదురు. ఇంటిలో ఎవరికైన పసిరికలైనప్పుడు మాత్రము ఆ మొక్కనే వెదకి తెచ్చి, నూరి, పసరును మజ్జిగలో కలిపి పరగడుపున త్రాగింతురు. కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతపు రైతులకు ఇది క్రొత్త సంగతి కాదు.

పసరు త్రాగిన పెక్కుమందికి కొన్ని వారములలో పచ్చదనము తగ్గుచున్న మాట నిజమే. కాని అది పసరు గుణమేనా? చెడునీటివలన వచ్చు ఏ, ఈ రకముల కామెర్లు సాధారణముగా వాటంతట అవియే నయమగును. ఎరువు వేసిన మడి ప్రక్కన వేయని మడి నుంచి దిగుబడి సరిచూచుట రైతు లెరిగినదే. మందునకును అట్టి పరీక్షయే కావలెను.

అట్టి పరీక్ష అప్పటి మద్రాసులో జరిగినది. రక్తము ద్వారా సోకు బీ రకము వైరసు ఒంటిలో నిలిచియున్నవారికి మొక్క పొడిని 200 మిల్లీగ్రాముల చొప్పున దినమునకు మూడుసార్లు, 30 దినము లిచ్చిరి. పుచ్చుకొన్న 37 మందిలో 22 మందికి రక్తములో వైరసు గుర్తు పోయినది. మందు లేని ఉత్త పొడి పుచ్చుకొన్న 23 మందిలో ఒక్కరికే పోయినది. డాక్టరు త్యాగరాజన్ గారును, ఈ వైరసును కనుగొని 1976లో నోబెల్ బహుమతి పొందిన బ్లంబర్గ్ గారును, మరికొందరును దీనిని 1988లో ప్రకటించిరి. లోకమంతట ఆశ పుట్టినది. అయితే 1990లో థాయిలాండు వైద్యులు ప్రకటించిన పరీక్షలో ఈ ఫలితము రాలేదు.

ఎలుకల కాలేయమును విషముతో చెడగొట్టి, పసరిచ్చి చూచు పరీక్షలు వేరే కలవు. వీటిలో నేల ఉసిరిక, గుంటగలగర, నేలవేము కాలేయమును కొంత కాచినట్లు కనబడినది. కాని విషమునుండి కాచుట వేరు, వైరసును అణచుట వేరు.

మరియొక చిక్కు గలదు. నేల ఉసిరిక యను పేరుతో పలు జాతులు చెల్లుచున్నవి. మద్రాసులో వాడినది ఫిల్లాంథస్ అమారస్. దీని కాయలు నున్నగా నుండి, చిన్న కాడతో రెమ్మ క్రింద వ్రేలాడును. గరుకు కాయలు కాడ లేక రెమ్మ నంటియుండునది యురినేరియా. ఏ జాతియైనను, పురుగుమందు చల్లిన పత్తిచేలలో మొలచినదానిని ముట్టరాదు.

కండ్లు పచ్చబడగానే ఆరోగ్య కేంద్రములో రక్తపరీక్ష చేయించి రకము తెలిసికొనవలెను. గర్భిణులకు ఈ రకము ప్రాణాపాయము. రోగి మగతగా నున్నను, రక్తము కక్కినను ఒక్క పూటయు ఆగక పెద్దాసుపత్రికి చేర్చవలెను. బీ రకమునకు టీకా గలదు. బిడ్డ పుట్టిన 24 గంటలలో వేయించవలెను. మురుగుకాలువలో మునిగిన మంచినీటి గొట్టములను పంచాయతీ వారు వానలకు ముందే పైకెత్తి బాగుచేయింపవలెను.