ఎత్తు ఎక్కువ, ఏళ్ళు తక్కువ

కోనసీమలో బిడ్డ బొద్దుగా పుట్టాడంటే ఇంటిల్లిపాదికీ సంబరమే. అమ్మమ్మ ఉప్పూ మిరపకాయలూ తీసుకుని దిష్టి తీస్తుంది. మూడేళ్ళకే ఐదేళ్ళవాడిలా కనబడితే తాతగారి ఆనందానికి మేర ఉండదు. అంగన్‌వాడీలో బరువు చూసే కార్డు మీద గీతకు దిగువనున్న బిడ్డ గురించే మన బెంగ. గీత దాటి పైకి పోయినవాణ్ణి చూసి మురిసిపోవడమే గాని, ఎందుకలా పోయాడని అడిగేవారు అరుదు.

చాలామంది పిల్లల విషయంలో అడగనక్కరలేదు కూడా. తల్లిదండ్రులు పొడగరులైతే బిడ్డ పొడుగ్గా ఉండడంలో వింతేముంది? కాని వేలల్లో ఏ ఒక్కరి విషయంలోనో ఆ పెరుగుదలే ఒక లోపానికి గుర్తు.

1964లో అమెరికాలో హువాన్ సోటోస్ అనే డాక్టరూ, ఆయన సహచరులూ అటువంటి ఐదుగురు పిల్లల సంగతి వివరంగా ప్రకటించారు. ఆయన పేరుమీదనే దీన్ని సోటోస్ సిండ్రోమ్ అంటున్నారు. సుమారు 14,000 మంది శిశువులలో ఒకరికి ఉంటుందని అంచనా. తల పెద్దది, నుదురు విశాలం, గడ్డం కోసుగా ఉంటుంది. మొదటి కొన్నేళ్ళలో బిడ్డ తోటివారిని మించి ఎదుగుతాడు. కాని ఒళ్ళు ఎదిగినంత త్వరగా నడకా, మాటా రావు.

కారణమేమిటి? ఐదవ క్రోమోసోము మీదనున్న ఎన్‌ఎస్‌డి1 అనే జన్యువు దెబ్బతినడమేనని 2002లో జపాన్ శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. నూటికి 95 మందిలో ఈ మార్పు తల్లిదండ్రులలో ఉండదు. బిడ్డలోనే కొత్తగా ఏర్పడుతుంది. అంచేత గ్రహణంనాడు గడప దాటిందనో, మేనరికం చేసుకున్నారనో తల్లిని ఆడిపోసుకోవడం ఎంత అన్యాయం!

ఇక అసలు చిక్కు ఇంటి బయట మొదలవుతుంది. బస్సులో నాలుగేళ్ళవాణ్ణి చూసి కండక్టరు టిక్కెట్టు తీసుకోమంటాడు. పెళ్ళిపందిట్లో వాడు నేలమీద పడి ఏడిస్తే, "ఇంత గాడిదలా పెరిగాడు, సిగ్గులేదూ?" అంటారు. బడిలో పంతులుగారు ఎనిమిదేళ్ళవాడి బుద్ధి ఆశిస్తారు. అన్నిటికంటె భయం మన కాలువలు. గట్టుమీద పసివాడు ఒంటరిగా కనబడితే ఎవరో ఒకరు ఎత్తుకొచ్చి ఇంట్లో దింపుతారు. వీణ్ణి మాత్రం, పెద్దవాడేలే అనుకుని దాటిపోతారు. అంచేత ఇరుగుపొరుగులకు వాడి అసలు వయస్సు చెప్పి ఉంచడం తల్లికి నామోషీ కాదు, రక్షణ.

అనుమానం కలిగితే పిల్లల డాక్టరుచేత బిడ్డ ఎత్తూ, బరువూ, తల చుట్టుకొలతా కొలిపించాలి. గుండె, మూత్రపిండాలు, వెన్నెముక పరీక్ష చేయించాలి; మూర్ఛలు వస్తున్నాయేమో గమనించాలి. ఇలా అతిగా పెరిగే లోపాలు మరికొన్ని ఉన్నాయి. బెక్విత్–వైడెమన్ అనే దానిలో నాలుక పెద్దదిగా ఉండవచ్చు, పుట్టగానే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. మూత్రపిండంలోగాని, కాలేయంలోగాని కంతి లేచే ప్రమాదముంది గనుక, చిన్నతనంలో మూడేసి నెలలకు అల్ట్రాసౌండు తీయిస్తూంటారు. కాబట్టి ఇది ఏదో తేల్చుకోవడం ముఖ్యం.

కాకినాడ రంగరాయ వైద్య కళాశాల ఆస్పత్రిలో పిల్లల విభాగం మనకు దగ్గర. జన్యుపరీక్షలకు హైదరాబాదులో నిమ్స్, సి.డి.ఎఫ్.డి. సంస్థలున్నాయి. అరుదైన వ్యాధుల గురించి 2021లో ప్రకటించిన జాతీయ విధానంలో ఈ రెంటినీ కలిపి ఒక ప్రత్యేక కేంద్రంగా ఎంచారు.

జన్యువును సరిచేసే మందు లేదు. కాని మాటలు నేర్పే శిక్షణా, వ్యాయామమూ ఎంత చిన్నప్పుడు మొదలుపెడితే అంత మేలు. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కిందికి వస్తారు. వైకల్యం నూటికి నలభైకి తగ్గకుండా ఉంటే 6 నుంచి 18 ఏళ్ళవరకు ఉచితంగా చదువుకునే హక్కుంది. మరో ఊరట ఏమంటే, పెద్దయ్యాక వీరిలో చాలామంది ఎత్తు మరీ వింతగా కనబడదు.

మొక్కై వంగనిది మానై వంగునా అంటూ బెత్తం తీసే పెద్దలకు ఒక్క మనవి. వీడు చూపులకు మాను, వయస్సుకు మొక్క. నీళ్ళు మొక్కకు పోసినట్టే పోయాలి. పుట్టినరోజునాడు వాడి ఎత్తు చూడకండి, ఏళ్ళు లెక్కపెట్టండి.