పలక పోయింది... పలకాకు మిగిలింది!

బడి ప్రహరీ పక్కన, రైలు పట్టాల వెంబడి, పొలం గట్ల మీద... ఎక్కడ పడితే అక్కడ కనిపిస్తుంది. జానెడు కాడ, కొసన చొక్కా గుండీ అంత పువ్వు. మధ్యలో పసుపు, చుట్టూ నాలుగైదు లేత రంగు రేకులు. అదే గడ్డిచేమంతి. పుట్టింది చేమంతి కుటుంబంలో, పెరిగేది గడ్డిలో. కాబట్టి ఆ పేరులో వింతేం లేదు.

వింతంతా మిగతా పేర్లలో ఉంది. కొన్ని ఊళ్లలో దీన్ని పలకాకు అంటారు. పలకా బలపం రోజుల్లో పిల్లలు ఈ ఆకుని జేబులో కుక్కుకుని బడికి వెళ్లేవారు. గరుకుగా ఉండే ఆకుని నలిపి రుద్దితే పాత రాత పోయి పలక నల్లగా నిగనిగలాడేది. ఉమ్మితో తుడిచి పంతులుగారితో చీవాట్లు తినడం కన్నా ఇదే నయం కదా!

ఇంకోచోట ఇదే గాయపాకు. ఆటల్లో మోకాలు చెక్కుకుపోతే నాలుగాకులు నలిపి రసం పిండటం పల్లెల్లో అలవాటు. గాయాలు మానడంపై ఈ ఆకు ప్రభావాన్ని శాస్త్రవేత్తలు ఎలుకల మీద పరీక్షించారు కూడా. అలాగని లోతైన గాయానికి దీన్నే నమ్ముకుని డాక్టర్ దగ్గరికి వెళ్లడం మానకూడదు.

మరికొందరికి ఇది రావణాసురుడి తలకాయ. రావణుడికి పది తలలు కదా, దీనికి ఒక్కటేగా అనుకుంటున్నారా? ఆ పువ్వుని విప్పి చూడండి. అది ఒక్క పువ్వు కాదు, పదుల కొద్దీ బుల్లి పువ్వుల గుత్తి!

ఇన్ని తెలుగు పేర్లున్న ఈ మొక్క అసలు మనది కానేకాదు. దీని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతం. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో దీన్ని గ్రంథానికెక్కిస్తూ, సొంతూరు మెక్సికోలోని వెరాక్రూజ్ అని రాశాడు. ఆయన పెట్టిన పేరు ట్రైడాక్స్ ప్రొకంబెన్స్. ప్రొకంబెన్స్ అంటే నేల మీద వాలి పాకేది అని. ఇంగ్లిషువాళ్లు ఆకారం చూసి కోట్ బటన్స్ అన్నారు. అమెరికా ప్రభుత్వమైతే ఏకంగా హానికర కలుపు మొక్కల జాబితాలో చేర్చింది.

మన పల్లెలు మాత్రం ఎక్కడి నుంచి వచ్చావని అడగలేదు. ఏ పనికొస్తే ఆ పేరుతో పిలుచుకున్నాయి. ఇప్పుడు పలకలు పట్టే పిల్లలు తగ్గిపోయారు, పలకాకు అంటే తెలిసినవాళ్లూ తగ్గుతున్నారు. మీ ఊళ్లో దీన్ని ఏమనేవారో తాతయ్యనో అమ్మమ్మనో అడిగి చూడండి. ఇక్కడ లేని పేరు ఇంకొకటి చెబుతారేమో!