పాత కంప్యూటర్‌లో లినక్స్ ఎక్కించేటప్పుడు మధ్యలో ఆగిపోతే

మన ట్రస్టు ఉపకారవేతనం అందుకుంటున్న పిల్లల్లో చాలామంది ఇళ్లలో కంప్యూటర్ లేదు. ఉన్నచోట కూడా ఏ బంధువులో, ఏ ఆఫీసువారో వాడి పక్కన పెట్టినదే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ మామూలు మద్దతు ముగించింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, కొత్త తరం ప్రాసెసర్ ఉండాలి. అవి లేని యంత్రాలు నిక్షేపంలా పనిచేస్తున్నా ఇళ్లలో మూలన పడుతున్నాయి. వాటిలో లినక్స్ అనే ఉచిత వ్యవస్థను ఎక్కించి పిల్లలకు ఇవ్వవచ్చు. ఎక్కించడం సజావుగా జరిగితే అరగంట పని. జరగనప్పుడే అసలు ఇబ్బంది. మధ్యలో తెర బిగుసుకుపోతుంది, లేదా నల్లబడుతుంది. "ఇది పనికిరాదండీ" అని షాపువారు తేల్చేస్తారు. ఈ వ్యాసం ఆ ఇబ్బంది గురించే.

నేను కంప్యూటర్ ఇంజనీరును కాను. బి.కాం. చదివి బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. అయితే తేడా ఎక్కడుందో వెతకడం మాకు ఉద్యోగం నేర్పిన విద్య. ట్రయల్ బ్యాలెన్స్ కలవకపోతే ముందు ఆ తేడా మొత్తాన్నే చూసేవాళ్లం. అది 9తో భాగించబడితే ఎవరో అంకెలు తారుమారు చేశారని అనుమానం: 540 బదులు 450 రాస్తే తేడా 90. తేడాలో సరిగ్గా సగం మొత్తం ఏ పద్దులోనైనా కనిపిస్తే అది జమకు బదులు ఖర్చులో పడి ఉండవచ్చు. అంటే, తప్పు తన ఆచూకీ తానే కొంత చెబుతుంది. కంప్యూటర్ కూడా అంతే. ఎక్కడ ఆగింది, ప్రతిసారీ అక్కడే ఆగుతోందా, రోజుకో చోట ఆగుతోందా అన్నది ముందు ఒక కాగితం మీద రాసుకోవాలి. ప్రతిసారీ ఒకేచోట ఆగితే దించుకున్న ఫైలు, పెన్‌డ్రైవ్, గ్రాఫిక్స్, హార్డ్ డిస్కులో ఒక చెడ్డ భాగం - వీటిని అనుమానించాలి. ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే ర్యామ్, వేడి, కరెంటు సరఫరా వైపు చూడాలి. నూటికి నూరుపాళ్లు ఇలాగే అవుతుందని కాదు గాని, వెతుకులాట మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి దారి నాకు దొరకలేదు.

బరంపురంలో డిప్లొమా రెండో ఏడు చదువుతున్న మన ట్రస్టు విద్యార్థిని ఒకమ్మాయి వాళ్ల అమ్మగారితో కలిసి రిక్షాలో ఒక సీపీయూ పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. మేనమామ ఇచ్చిన యంత్రం. కోర్ 2 డ్యుయో ప్రాసెసర్, రెండేసి జీబీల డీడీఆర్2 ర్యామ్ స్టిక్కులు రెండు, 160 జీబీ హార్డ్ డిస్కు. కాలేజీలో సి లాంగ్వేజి ల్యాబు మొదలైంది, ఇంట్లో అభ్యాసం చేయడానికి వేరే దారి లేదు. "అన్నయ్యగారూ, షాపులో బోర్డు పోయిందన్నారు. నాలుగున్నర వేలు అవుతుందట, దానికంటే కొత్తది వాయిదాల్లో కొనుక్కోమంటున్నారు" అన్నారు ఆవిడ. కుట్టుమిషను మీద వచ్చే సంపాదనతో ఇల్లు నడుపుతున్న మనిషి. వాయిదాల కాగితం అప్పటికే చేతిలో ఉంది, సంతకం ఒక్కటే తక్కువ. వారం రోజులు ఆగమన్నాను.

లినక్స్ మింట్ 22లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి రకాన్ని ఎంచుకున్నాను. దానికి కనీసం 2 జీబీ ర్యామ్ కావాలి, 4 ఉంటే మంచిది. 2029 వరకు భద్రతా సవరణలు వస్తాయి. మొదటిసారి ఫైళ్లు కాపీ అవుతుండగా ఆగింది. రెండోసారి అసలు డెస్క్‌టాప్ కూడా రాలేదు. మూడోసారి దాదాపు చివరిదాకా వచ్చి బిగుసుకుపోయింది. నా సూత్రం ప్రకారం నేను వెంటనే ర్యామ్‌ను అనుమానించాలి. కాని పెన్‌డ్రైవ్ మీద కోపం తెచ్చుకుని రెండు పెన్‌డ్రైవ్‌లు మార్చి, రెండు రోజులు వృథా చేశాను. పక్కవాడికి చెప్పేటప్పుడు ఉండే తెలివి మన పనికి వచ్చేసరికి ఉండదు.

పెన్‌డ్రైవ్‌ను పరీక్షించడానికి నిజానికి పది నిమిషాలు చాలు. సుమారు 3 జీబీ ఉండే ఆ ఫైలు దిగేటప్పుడు ఇంటర్నెట్ ఒక్క క్షణం తడబడినా అసంపూర్ణంగా దిగవచ్చు. అందుకే దాన్ని ఇచ్చేవారు పక్కనే ఎస్‌హెచ్‌ఏ 256 అనే 64 అక్షరాల ముద్రను కూడా ప్రకటిస్తారు. విండోస్‌లో సర్ట్‌యుటిల్ అనే ఆజ్ఞతో మన ఫైలు ముద్ర తీసి రెండింటినీ పోల్చాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా మళ్లీ దించుకోవలసిందే. చెక్కు మీద సంతకం సరిచూడటం లాంటిదే ఇది. ఆ తరువాత రూఫస్, ఎచర్ వంటి ప్రోగ్రాముతోనే పెన్‌డ్రైవ్ తయారుచేయాలి. ఫైలును మామూలుగా కాపీ చేసి పెడితే కంప్యూటర్ దానితో మొదలవదు. చాలామంది పిల్లలు ఇక్కడే పొరబడుతున్నారు. చివరగా అదే పెన్‌డ్రైవ్‌తో ఇంకో కంప్యూటర్‌ను మొదలుపెట్టి చూడాలి. మా ఇంటి కంప్యూటర్‌లో అది చక్కగా నడిచింది. ముద్ర కూడా కలిసింది. పెన్‌డ్రైవ్ నిర్దోషి అని తేలిపోయింది.

అప్పుడు సీపీయూ మూత విప్పాను. ప్రాసెసర్ ఫ్యాను కింద దుమ్ము చాపలా పేరుకుని ఉంది. వేడి మితిమీరితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి నెమ్మదిస్తుంది, ఇంకా మించితే యంత్రమే ఆగిపోతుంది. ప్లగ్గు పీకేసి, మెత్తటి పెయింటు బ్రష్షుతో దులిపి, ఎండిపోయిన థర్మల్ పేస్టు తుడిచి కొత్తది పప్పుబద్దంత పెట్టాను. ఈసారి ఎక్కువసేపు నడిచింది, కాని మళ్లీ ఆగింది. మూత విప్పినప్పుడే మదర్‌బోర్డు మీద గుండ్రటి కెపాసిటర్ల తలలు ఉబ్బాయేమో కూడా చూడాలి. అవి బల్లపరుపుగానే ఉన్నాయి. ఉబ్బి ఉంటే నేను ఆ యంత్రం మీద ఇంకో రూపాయి పెట్టించేవాణ్ణి కాదు.

ఇక మిగిలింది ర్యామ్. మెమ్‌టెస్ట్86+ అనే ఉచిత ప్రోగ్రాము ఇందుకోసమే ఉంది. అది ర్యామ్‌లోని ప్రతి గడిలో ఒక అంకె రాసి, తిరిగి చదివి, రాసినదే వచ్చిందా అని చూస్తుంది. రాత్రి భోజనాలయ్యాక పెట్టి పడుకున్నాను. పొద్దున్నే లేచి చూస్తే తెర నిండా ఎర్రటి గీతలు. ఒక్క తప్పు కనిపించినా ర్యామ్ పరీక్ష తప్పినట్టే, ఇందులో పాసు మార్కులు లేవు. యంత్రం ఆపి, ప్లగ్గు తీసి, ఒంట్లోని స్థిర విద్యుత్తు పోవడానికి క్యాబినెట్ ఇనుమును ముట్టుకుని, స్టిక్కులు రెండూ బయటికి తీశాను. వాటి బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది శుభ్రం చేస్తే కొన్నిసార్లు అంతటితోనే బాగుపడుతుంది. ఈసారి బాగుపడలేదు. ఒక్కొక్క స్టిక్కునే పెట్టి పరీక్షిస్తే ఒకటి శుద్ధంగా నెగ్గింది, రెండోది ఏ స్లాటులో పెట్టినా తప్పులే చూపింది. స్లాటు మార్చి చూడటం ముఖ్యం. తప్పు స్టిక్కుదా, స్లాటుదా అన్నది అలా తప్ప తెలియదు.

ఎక్కించేటప్పుడే ఎందుకు ఆగుతుందో కూడా చెబుతాను. ఆ పనిలో పెన్‌డ్రైవ్‌లో కుదించి ఉన్న ఫైళ్లను ర్యామ్‌లో విప్పి డిస్కు మీద రాస్తారు. 7 రాసిన గడి 1 అని చదివిస్తే ఆ ఫైలు పాడయినట్టే. చెడ్డ గడి ఎప్పుడు వాడకంలోకి వస్తుందో చెప్పలేం కనుక రోజుకో చోట ఆగుతుంది. అమ్మాయిని అడిగితే విండోస్ ఉన్నప్పుడు కూడా వారానికోసారి నీలి తెర వచ్చేదట. "మామయ్య వాళ్లింట్లో అందరికీ అలవాటైపోయింది తాతగారూ" అంది. ఈ మాట మొదటిరోజే అడిగి ఉండాల్సింది.

మంచి స్టిక్కు ఒక్కదానితోనే లినక్స్ ఒక్క ఆటంకం లేకుండా ఎక్కింది. 2 జీబీతో సి ప్రోగ్రాములు హాయిగా నడిచాయి గాని, బ్రౌజరులో నాలుగు పేజీలు తెరిస్తే రొప్పేది. పాత సామాను అమ్మే చోట వాడిన 2 జీబీ స్టిక్కు 350 రూపాయలకు దొరికింది. దాన్నీ రాత్రంతా పరీక్షించాకే బిగించాను. నాలుగున్నర వేల బోర్డు బాగానే ఉంది. వాయిదాల కాగితం ఆవిడ చించేశారు.

మిగిలిన రోగాలు క్లుప్తంగా చెబుతాను. మొదలవగానే తెర నల్లబడితే చాలావరకు గ్రాఫిక్స్ తగాదా, ముఖ్యంగా ఎన్‌విడియా కార్డులున్న చోట. మింట్ మొదటి జాబితాలో కంపాటిబిలిటీ మోడ్ అని ఉంటుంది, అది ఎంచుకోండి. లేకపోతే అక్కడే ఇ అక్షరం నొక్కి, లినక్స్ అన్న మాటతో మొదలయ్యే వరుసలో క్వయట్ స్ప్లాష్ అన్న రెండు మాటలు తీసేసి నోమోడ్‌సెట్ అని (ఎన్-ఓ-ఎం-ఓ-డి-ఇ-ఎస్-ఇ-టి, మధ్యలో ఖాళీ లేకుండా) కొట్టి ఎఫ్10 నొక్కాలి. ఎక్కించాక మొదటిసారి కూడా ఇలాగే చేయవలసి రావచ్చు. తరువాత డ్రైవర్ మేనేజర్‌లో సరైన డ్రైవరు ఎంచుకుంటే సరి. తెర మీద ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్ అని వస్తే పెన్‌డ్రైవ్ లేదా హార్డ్ డిస్కు. పెన్‌డ్రైవ్ నుంచే లినక్స్ నడుపుతూ డిస్క్స్ అనే ప్రోగ్రాములో స్మార్ట్ సమాచారం చూడవచ్చు. పనికిరాని సెక్టార్ల లెక్క రోజురోజుకూ పెరుగుతుంటే ఆ డిస్కును నమ్మకండి. తేదీ 2009కో 2010కో వెళ్లిపోతుంటే సీఆర్ 2032 అనే బటన్ సెల్లు అయిపోయిందన్నమాట. తేదీ తప్పితే వెబ్‌సైట్ల భద్రతా పత్రాలు చెల్లవు, పేజీలు తెరుచుకోవు. దీన్ని ఇంటర్నెట్ పాడైందనుకుని కేబుల్ వాళ్లతో పోట్లాడినవారు నాకు తెలుసు.

పెంటియం 4 నాటి 32-బిట్ యంత్రాల మీద మాత్రం శ్రమపడవద్దు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 నుంచి వాటికి ఇన్‌స్టాలర్ కూడా ఆపేశారు. అలాగే కామర్స్ పిల్లలకు ఒక మాట: టాలీ విండోస్ మీద నడిచే సరుకు, దానికోసం లినక్స్ పెట్టుకుని చిక్కుల్లో పడకండి. జమాఖర్చుల అభ్యాసానికైతే గ్నూక్యాష్ ఉచితంగా ఉంది. బడిలో ఒడియానో, ఇంగ్లీషో తప్ప తెలుగు లేని పిల్లలకు ఇంకో లాభం. కీబోర్డు లేఅవుట్లలో భారతీయ భాషల వరుసలో తెలుగు కూడా ఉంటుంది, దానికి వేరే సాఫ్ట్‌వేర్ కొననక్కరలేదు.

అన్నిటికంటే ముందు చేయవలసినది చివర చెబుతున్నాను, ఎందుకంటే నేను కూడా ఆలస్యంగానే నేర్చుకున్నాను. 2019లో మొదటిసారి ఒకరి ఇంట్లో ఈ పని చేసినప్పుడు డిస్కు మొత్తం చెరిపేసే ఐచ్ఛికం నొక్కేశాను. డి డ్రైవులో ఏముందని అడగలేదు. వాళ్ల గృహప్రవేశం ఫోటోలు, అబ్బాయి మార్కుల జాబితాల స్కాను కాపీలు అన్నీ పోయాయి. మార్కుల జాబితాలు మళ్లీ స్కాను చేసుకున్నారు. ఫోటోల్లో వాళ్ల నాన్నగారు ఉన్నారు, ఆయన అప్పటికి లేరు. నన్ను ఒక్క మాట అనలేదు, కాఫీ ఇచ్చి పంపారు. ఇప్పుడు ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి, ప్రతి ఫోల్డరూ తెరిచి చూపించి, కావలసినవన్నీ బయటి డిస్కులోకి ఎక్కించి, అవి వేరే కంప్యూటర్‌లో తెరుచుకుంటున్నాయని చూశాకే లినక్స్ పెన్‌డ్రైవ్ జేబులోంచి తీస్తాను.

ఎవరైనా యంత్రం తెచ్చేటప్పుడు ఆగినచోట తెరను ఫోనుతో ఫోటో తీసి తీసుకురండి. ఎన్నిసార్లు, ఎక్కడెక్కడ ఆగిందో రాసిన కాగితం కూడా తేవాలి. మానిటరు అవసరం లేదు, నా దగ్గర ఉంది.