జేబు కత్తికి ‘కింది ధర’ కట్టడి

సబ్బు మీద, బిస్కట్ పొట్లం మీద అచ్చయి ఉండే గరిష్ఠ చిల్లర ధర మన వినియోగదారులకు కొత్త కాదు. అంతకు మించి అమ్మకూడదు. తగ్గించి ఇస్తే కాదనేవారు లేరు. అమెరికాలో జేబు కత్తులు సేకరించేవారికి ఎదురయ్యే కట్టడి దీనికి తలకిందులు. అక్కడ గీత ధరకు పైన కాదు, కింద ఉంటుంది. అది చట్టం పెట్టినది కాదు. కత్తి తయారుచేసే కంపెనీ పెట్టినది.

మడిచి జేబులో వేసుకునే కత్తి అక్కడ పనిముట్టే కాదు, దాచుకునే వస్తువు కూడా. పెన్సిల్వేనియా రాష్ట్రం బ్రాడ్‌ఫర్డ్‌లోని కేస్ కంపెనీ 1970లో తన కత్తుల అలుగు మొదట్లో 10 చుక్కలు ముద్రించి, ఆపై ఏటా ఒక చుక్క తగ్గిస్తూ వచ్చింది. చుక్కలు లెక్కపెట్టి కత్తి వయసు చెప్పడం సేకరణదారులకు పరిపాటి.

ఆంక్ష ప్రకటన మీదే

ఇలాంటి కట్టడి ఉన్న కొత్త కత్తికి మూడు ధరలుంటాయి. వర్తకుడు కంపెనీకి కట్టేది ఒకటి. కంపెనీ సూచించే చిల్లర ధర రెండోది. ప్రకటనలో చూపదగిన కనిష్ఠ ధర మూడోది. 100 డాలర్ల కత్తికి ఈ కనిష్ఠ ధర 80 డాలర్లు అనుకుందాం. కేటలాగులోనో ఇంటర్నెట్‌లోనో 70కే ఇస్తామని ప్రకటించిన వర్తకుడికి కంపెనీ సరుకు ఆపివేయవచ్చు. పది దుకాణాలు వెదికినా ఒకే ధర కనిపించడానికి కారణం ఇదే.

అయితే ఇలాంటి ఆంక్ష సాధారణంగా ప్రకటనకే పరిమితం. కౌంటరు దగ్గర అడిగినవారికి తగ్గించడం వర్తకుడి ఇష్టం. తయారీ ఆగిపోయిన రకాలపై కంపెనీ ఆంక్ష ఎత్తివేస్తే తగ్గింపు బాహాటంగానే కనిపిస్తుంది.

చిన్న దుకాణం గోడు

కొనేవాడు ఊళ్లోని దుకాణంలో కత్తి చేతబట్టి, తెరిచి, మడిచి చూస్తాడు. వివరాలన్నీ అడిగి తెలుసుకుంటాడు. తీరా ఆర్డరు మాత్రం చౌకగా ఇచ్చే దూరపు వర్తకుడికి పంపుతాడు. అద్దె, జీతాల భారం ఊరి దుకాణానికి మిగులుతుంది. అలాంటి దుకాణాలు మూతపడకుండా ఉండేందుకే ఈ కట్టడి అని కంపెనీల వాదన. తక్కువ ఖర్చుతో వ్యాపారం నడిపేవాడు ఆ లాభాన్ని కొనేవాడికి పంచుతానంటే అడ్డెందుకని వినియోగదారుల పక్షం వాదన.

ప్రకటన మాట అటుంచి, అమ్మకం ధరనే కంపెనీ శాసించవచ్చా అన్న వివాదం వందేళ్ల నాటిది. కనిష్ఠ ధరపై కంపెనీ, వర్తకుడు ఒప్పందం చేసుకోవడం దానంతట అదే చట్టవిరుద్ధమని అమెరికా సుప్రీం కోర్టు 1911లో తేల్చింది. రాష్ట్రాలు అనుమతిస్తే అలాంటి ఒప్పందాలు చెల్లేలా 1937లో ఫెడరల్ చట్టం వచ్చింది. 1975లో దాన్ని రద్దు చేశారు. తర్వాత ఒక మహిళల దుస్తుల దుకాణం 20 శాతం తగ్గించి అమ్ముతోందని లీగిన్ కంపెనీ సరుకు ఆపింది. ఆ కేసులో 2007లో సుప్రీం కోర్టు 5-4 మెజారిటీతో పాత తీర్పును తోసిపుచ్చింది. ఇలాంటి ప్రతి ఒప్పందాన్నీ మంచిచెడ్డలు బేరీజు వేసి చూడాలన్నది. దీనివల్ల ధరలు పెరుగుతాయని అసమ్మతి తీర్పు రాసిన జస్టిస్ బ్రేయర్ హెచ్చరించారు. మేరీలాండ్ రాష్ట్రం 2009లో ఇలాంటి ఒప్పందాలను నిషేధిస్తూ సొంత చట్టం చేసుకుంది.

కింది ధర కట్టడి ఉన్న కత్తి విలువ ఎన్నటికీ పడిపోదని నమ్మి కొనేవారూ ఉన్నారు. కాని కంపెనీ మాట చెల్లేది కొత్త సరుకు అమ్మే తన వర్తకుల దగ్గరే. చేతులు మారిన కత్తికి ఆ గీత లేదు. దాని ధరను అలుగు మీది ముద్ర, అరగని అంచు, చెడని పిడి, మొదట వచ్చిన పెట్టె తేలుస్తాయి. ప్రకటనలో కనిపించే ధర అడగబోయే బేరానికి మొదటి మాట మాత్రమేనని కొనేవారు గుర్తుంచుకోవాలి.