అమ్మమ్మ దగ్గర పెరిగే బిడ్డకు ప్రభుత్వ సాయం



వానాకాలం వచ్చిందంటే మన ఆసుపత్రి పిల్లల వార్డులో మంచాలు చాలవు. మలేరియా, న్యుమోనియా, రక్తహీనత, విరేచనాలు. కేస్ షీటు రాసేటప్పుడు మా సిస్టర్లు మొదట అడిగేది "బిడ్డ తల్లి ఎవరు?" అని. చాలాసార్లు "తల్లి లేదమ్మా, నేను అమ్మమ్మను" అన్న జవాబు వస్తుంది. కొందరికి తండ్రి కూడా ఉండడు. ఉన్నా మరో పెళ్ళి చేసుకుని వేరే ఊరు వెళ్ళి ఉంటాడు. అమ్మమ్మ, నాయనమ్మ, పెద్దమ్మ, మేనమామ, వీళ్ళలో ఎవరో ఒకరు ఆ బిడ్డను సాకుతుంటారు.

జ్వరం తగ్గి డిశ్చార్జి చేసే రోజున పక్క మంచం వాళ్ళు ఒక సలహా చెబుతారు. "ముసలిదానివి, నీకెందుకీ కష్టం? ఏదన్నా హోములో వేసెయ్యి, తిండి, చదువు వాళ్ళే చూసుకుంటారు" అని. మంచి మనసుతోనే చెబుతారు. మన సంఘ కుటుంబాలలో కూడా ఈ మాట తరచుగా వింటున్నాం. కానీ బిడ్డను ఇల్లు దాటించే ముందు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. బిడ్డ సొంతవాళ్ళ దగ్గరే పెరగడానికి ప్రభుత్వం నెలకు 4,000 రూపాయలు ఇచ్చే పథకం ఉంది. దీని సంగతి మన ప్రాంతంలో చాలామందికి తెలియదు. కోవిడ్‌లో తల్లిదండ్రులు పోయిన పిల్లలకు మాత్రమే సాయం ఉందని కొందరు అనుకుంటున్నారు. అది 2021లో ప్రకటించిన వేరే పథకం. ఇక్కడ మేము చెబుతున్నది అన్ని రకాల అనాథ, అర్ధ అనాథ పిల్లల గురించి.

ఈ పథకం పేరు స్పాన్సర్‌షిప్. 2009 నుంచి సమగ్ర బాలల పరిరక్షణ పథకం కింద నడిచింది. ఇప్పుడు దానిని మిషన్ వాత్సల్య అంటున్నారు. పాత పథకంలో నెలకు 2,000 ఇచ్చేవారు, కొత్త దానిలో 4,000 చేశారు. తల్లి విధవరాలైనా, భర్త వదిలేసినదైనా, విడాకులు పొందినదైనా ఆమె పిల్లలు అర్హులు. తల్లిదండ్రులిద్దరూ లేక బంధువుల దగ్గర ఉంటున్న పిల్లలు అర్హులు. తల్లి గానీ తండ్రి గానీ ప్రాణాంతకమైన జబ్బుతో ఉన్నా, ప్రమాదంలో దెబ్బతిని పని చేయలేని స్థితిలో ఉన్నా అర్హులే. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 రూపాయలు, పట్టణాల్లో 96,000 రూపాయలు మించకూడదు. బిడ్డకు 18 ఏళ్ళు నిండేవరకు ఇవ్వవచ్చు. బిడ్డ బడికి వెళుతున్నాడా లేదా అన్నది అధికారులు చూస్తారు. కులంతో, మతంతో పని లేదు.

దరఖాస్తు ఇవ్వవలసిన చోటు జిల్లా బాలల పరిరక్షణ విభాగం. స్త్రీ శిశు సంక్షేమ శాఖ జిల్లా కార్యాలయంలో అడిగితే చెబుతారు. మన వైపు వాళ్ళకు 2016 వరకు అన్నిటికీ ఖమ్మమే. ఆ ఏడాది అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది కాబట్టి భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల వాళ్ళు కొత్తగూడెం వెళ్ళాలి. అంత దూరం వెళ్ళలేని వాళ్ళు ముందు మీ ఊరి అంగన్‌వాడీ టీచరుకు చెప్పండి. ఆమె పైన సూపర్‌వైజరు, ఆ పైన సీడీపీఓ ఉంటారు. దరఖాస్తులను జిల్లా స్థాయి కమిటీ పరిశీలించి మంజూరు చేస్తుంది. కాగితం ఇచ్చిన మర్నాడే డబ్బు వస్తుందని, నెల తిరగ్గానే ఠంచనుగా పడుతుందని మేము చెప్పలేం. అయినా దరఖాస్తు పెట్టని వారి పేరు ఏ జాబితాలోనూ ఉండదు కదా.

అసలు చిక్కు కాగితాల దగ్గర వస్తుంది. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మేము చూసినంతలో అర్హత లేక ఆగిపోయిన పిల్లల కంటే కాగితం లేక ఆగిపోయినవాళ్ళే ఎక్కువ.

మొదటిది మరణ ధ్రువపత్రం. గూడెంలో ఇంటి దగ్గరే మనిషి పోతే దహనమో సమాధో చేసి దినాలు జరుపుతారు గానీ, పంచాయతీలో రాయించాలన్న ఆలోచన ఆ దుఃఖంలో ఎవరికీ రాదు. రెండేళ్ళ తర్వాత పిల్లల కోసం సాయం అడిగితే "తండ్రి చనిపోయినట్లు రుజువు ఏది?" అంటారు. ఊరంతా చూసిన చావుకు రుజువు ఏమిటని అమ్మమ్మ నివ్వెరపోతుంది. వితంతు పింఛను కూడా అక్కడే ఆగుతుంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం 21 రోజులలోపు చెబితే నమోదు ఉచితం. 30 రోజులలోపు అయితే కొద్దిపాటి ఆలస్య రుసుము. ఏడాదిలోపు అయితే అధికారి అనుమతి కావాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు అధికారం ఉన్న అధికారి ఉత్తర్వు కావాలి. ఊరి రిజిస్టరులో ఆ పేరు లేదన్న పత్రం తీసుకుని మీసేవలో దరఖాస్తు పెడితే అది ఆర్డీఓ కార్యాలయానికి వెళుతుంది. తిరగవలసి ఉంటుంది, కాని అసాధ్యం కాదు. మీ ఇంట్లో గానీ, పక్కింట్లో గానీ ఎవరైనా పోతే మూడో రోజో, పదో రోజో ఎవరో ఒక చదువుకున్న కుర్రవాడిని పంచాయతీ కార్యదర్శి దగ్గరకు పంపించండి. సంఘ పెద్దలు భూస్థాపన కార్యక్రమం అయ్యాక ఈ ఒక్క పని గుర్తు చేస్తే ఆ ఇంటి పిల్లలకు ఎంతో మేలు.

రెండోది పుట్టిన తేదీ పత్రం. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ జననాన్ని ఆసుపత్రే తెలియజేస్తుంది. అయితే అప్పటికి పేరు పెట్టరు కాబట్టి పేరు గడి ఖాళీగా ఉంటుంది. పన్నెండు నెలలలోపు పేరు చేర్పిస్తే రుసుము లేదు. ఆ తర్వాత కూడా 15 ఏళ్ళ వరకు రుసుముతో చేర్పించవచ్చు. చాలామంది పేరు లేని పత్రాన్నే ప్లాస్టిక్ కవరులో భద్రంగా దాచుకుంటున్నారు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికి, ఆధార్‌కు, ఓటరు జాబితాకు పుట్టిన తేదీ రుజువుగా ఈ పత్రాన్నే అడుగుతారు. ఇంట్లో ప్రసవమైతే 21 రోజులలోపు ఆశా కార్యకర్తకో పంచాయతీ కార్యదర్శికో తప్పక చెప్పండి.

మూడోది పేర్ల తేడా. ఒక బిడ్డ ఆధార్‌లో సునీత, బడి రిజిస్టరులో మేరీ సునీత, బాప్తిస్మం పత్రంలో మరో పేరు. ఇంటిపేరు తల్లి కార్డులో మడివి, తాత కార్డులో మాడవి, ఛత్తీస్‌గఢ్‌లో ఇచ్చిన కార్డు అయితే హిందీలో ఇంకోలా. కంప్యూటరుకు వీళ్ళంతా వేర్వేరు మనుషులే. బిడ్డను బడిలో వేసే రోజునే పుట్టిన పత్రంలో ఉన్న పేరును అక్షరం పొల్లుపోకుండా రాయించండి. ముద్దు పేరు ఇంట్లో పిలుచుకోవడానికి ఉండనే ఉంది.

ఈ కాగితాలు లేవని అన్ని తలుపులూ మూసుకోవు. వయసు రుజువు లేదని ఏ బిడ్డనూ బడిలో చేర్చుకోకుండా ఉండకూడదని 2009 నాటి విద్యా హక్కు చట్టం చెబుతోంది. ఆధార్ లేదన్న కారణంతో పిల్లలకు ఏ పథకం కిందా సాయం నిరాకరించరాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులో ఇచ్చిన తీర్పులో ఉంది. 2005 తర్వాత సల్వాజుడుం గొడవల వల్ల సరిహద్దు దాటి వచ్చి అడవిలో గుడిసెలు వేసుకున్న గొత్తికోయ కుటుంబాలకు కుల ధ్రువపత్రం దొరకడం కష్టంగా ఉంది. కాని అంగన్‌వాడీ గుడ్డుకూ, బాలామృతానికీ, టీకాలకూ కుల ధ్రువపత్రం అక్కరలేదు. మిర్చి కోతలకు వచ్చిన కూలీల పిల్లలు కూడా తాము ఉన్న ఊరి అంగన్‌వాడీలో తినవచ్చు. చేను గట్టు మీద తల్లి చీర ఉయ్యాలలో రోజంతా ఎండలో, ఘాటులో ఉన్న పసివాళ్ళు దగ్గుతో, కళ్ళ మంటలతో మా దగ్గరకు వస్తుంటారు. కూలీలను పిలిపించుకునే రైతు సోదరులు ఈ ఒక్క మాట వాళ్ళకు చెబితే బాగుండును.

మన రోగులలో గోదావరి, శబరి ఒడ్డు ఊళ్ళ నుంచి వచ్చేవారు చాలామంది. 2014లో చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మండలాలు, భద్రాచలం పట్టణం చుట్టుపక్కల ఊళ్ళు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళాయి. వారు "మాకు ఏ జిల్లా?" అని అడుగుతుంటారు. సాయం కోసం మీరు ఉంటున్న జిల్లాలోనే దరఖాస్తు ఇవ్వాలి. తప్పిపోయిన బిడ్డ దొరికితే మాత్రం దొరికిన చోటనే చెప్పాలి. తర్వాత సొంత జిల్లాకు పంపే బాధ్యత అధికారులదే.

ఇక, సాకేవారు నిజంగా ఎవరూ లేని బిడ్డ సంగతి. అమ్మమ్మే మంచాన పడింది, లేదా ఇంట్లో తాగుడు, కొట్టుడు. అలాంటప్పుడు హోము అవసరమే. 2015 బాల న్యాయ చట్టం సంస్థలో ఉంచడాన్ని చివరి మార్గంగా చెప్పింది, అసలు వద్దనలేదు. అయితే బిడ్డను హోముకు పంపించేది మీరు గానీ మేము గానీ కాదు, జిల్లా బాలల సంక్షేమ సమితి. ఒంటరి బిడ్డ కనబడితే ప్రయాణ సమయం పోను 24 గంటలలోపు సమితి ముందుకు తేవాలి. పిల్లలను ఉంచుకునే ప్రతి హోమూ, ఎవరు నడిపినా, చర్చి నడిపినా సరే, ఈ చట్టం కింద నమోదై ఉండాలి. కాబట్టి ఎవరైనా వచ్చి "హైదరాబాదులో మంచి ఇంగ్లీషు మీడియం హోము, మేము తీసుకువెళతాం" అంటే రిజిస్ట్రేషన్ పత్రం, సమితి ఉత్తర్వు చూపించమని అడగండి. మన మతం వాడే, మన భాషే మాట్లాడుతున్నాడు అన్నది హామీ కాదు.

ఈ జాగ్రత్త ఎందుకో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. 1999లో, మళ్ళీ 2001లో నల్గొండ జిల్లా దేవరకొండ వైపు లంబాడా తండాల నుంచి పసి ఆడపిల్లలను డబ్బిచ్చి తీసుకుని దత్తత సంస్థలకు చేరవేస్తున్నారని బయటపడింది. ఇప్పుడు బిడ్డను అమ్మినా కొన్నా అయిదేళ్ళ వరకు కఠిన శిక్ష. అందులో ఆసుపత్రి సిబ్బంది చెయ్యి ఉంటే మూడు నుంచి ఏడేళ్ళు. "సిస్టర్, ఎవరైనా వదిలేసిన పాప ఉంటే చెప్పండి, పెంచుకుంటాం" అని మమ్మల్ని అడిగే దంపతులు ఉన్నారు. వారి బాధ మాకు తెలుసు. అయినా మేము ఇవ్వలేం. బిడ్డను పెంచలేని తల్లి సమితి ముందు అప్పగించవచ్చు. మనసు మార్చుకోవడానికి ఆమెకు రెండు నెలల గడువు ఉంటుంది.

దత్తత కోరే క్రైస్తవ కుటుంబాలకు ఒక ముఖ్య విషయం. 1956 నాటి హిందూ దత్తత చట్టం మనకు వర్తించదు. పూర్వం 1890 నాటి చట్టం కింద సంరక్షకులుగా మాత్రమే ఉండగలిగేవారు, అది బిడ్డకు మైనారిటీ తీరగానే ముగిసేది. ఇప్పుడు బాల న్యాయ చట్టం కింద ఏ మతం వారైనా పూర్తి తల్లిదండ్రులుగా దత్తత తీసుకోవచ్చు. 2014లో సుప్రీంకోర్టు కూడా ఈ సంగతి స్పష్టం చేసింది. కేంద్ర దత్తత సంస్థ 'కారా'లో పేరు నమోదు చేసుకోవాలి. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వు ఇచ్చేది జిల్లా కలెక్టరు.

ఆరోగ్యం సంగతి మా పని కాబట్టి చెప్పకుండా ఉండలేం. ఆరు నెలల నుంచి అయిదేళ్ళలోపు బిడ్డ చేతి పైభాగం చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉంటే, లేదా రెండు పాదాలు వాచి నొక్కితే గుంట పడితే అది తీవ్ర పోషకాహార లోపం. దిష్టి అనుకుని ఊరుకోవద్దు. భద్రాచలం ఏరియా ఆసుపత్రిలో ఇలాంటి పిల్లల కోసం పోషకాహార పునరావాస కేంద్రం ఉంది. పుట్టుకతో గుండె లోపం, గ్రహణం మొర్రి, వంకర పాదం ఉన్నవారికి 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ళ వరకు పరీక్షలు, చికిత్స ఉచితం. ఆ వైద్య బృందం అంగన్‌వాడీకి, బడికి వస్తుంది. ఆ రోజు బిడ్డను మేకల వెంట పంపకండి. టీబీ ఉన్న పిల్లలకు కూడా మందులు వాడుతున్నంత కాలం నెలకు 1,000 రూపాయలు ఖాతాలో పడతాయి. 2024 నవంబరుకు ముందు ఇది 500 ఉండేది.

మరొక కష్టమైన మాట. తల్లి లేని ఆడపిల్లకు త్వరగా పెళ్ళి చేస్తే బరువు దిగుతుందని పెద్దలు అనుకుంటారు. పదహారేళ్ళ పిల్ల నిండు గర్భిణిగా వస్తే పోలీసులకు చెప్పక తప్పదు, 2012 నాటి పోక్సో చట్టం మాకు వేరే దారి ఉంచలేదు. ఆ భయంతో కొందరు ఆసుపత్రికి తీసుకురావడమే మానేస్తున్నారు. దయచేసి అలా చేయకండి. ఆ వయసులో ప్రసవం తల్లికీ బిడ్డకూ ఎంత ప్రమాదమో మేము లేబర్ రూములో చూస్తున్నాం. కేసు నమోదు కాలేదన్న కారణంతో ఏ ఆసుపత్రీ చికిత్స ఆపకూడదు. పెళ్ళి ఇంకా జరగకపోతే ఎవరైనా 1098కు ఫోను చేయవచ్చు. ఆ నంబరు రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు పడదు, చేసినవారి పేరు బయటపెట్టరు. చదువు మానేసిన, తల్లిదండ్రులు లేని ఆడపిల్లలకు కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లో ముందు చోటు ఇస్తారు. భోజనం, వసతి, చదువు అన్నీ అక్కడే.

మన ఆసుపత్రిలో ఓపీ చీటీలు ఇచ్చే కిటికీ పక్క బల్ల దగ్గర స్పాన్సర్‌షిప్ దరఖాస్తు నింపడానికి మా సిబ్బంది సాయం చేస్తారు. ఇందుకు డబ్బులేమీ తీసుకోరు. బిడ్డ పుట్టిన పత్రం, తల్లిదండ్రుల మరణ పత్రం, ఆధార్ కార్డులు, ఆదాయ పత్రం, బడి నుంచి తెచ్చిన పత్రం, బ్యాంకు పుస్తకం, వీటిలో ఉన్నవి తీసుకురండి. ఏదీ లేకపోయినా బిడ్డను వెంటబెట్టుకుని రండి, ఏది ముందు తీయించాలో అక్కడ చెబుతారు.