కారు టాప్ మీద సైకిల్ ర్యాక్: బరువు కంటే ముందు గాలి లెక్క చూడండి

ఓఆర్ఆర్ పక్కన 2023లో ఓపెన్ అయిన 23 కిలోమీటర్ల సోలార్ రూఫ్ సైకిల్ ట్రాక్ తెలుసు కదా? లాలాగూడ నుంచి అక్కడిదాకా ట్రాఫిక్‌లో తొక్కుకుంటూ వెళ్తే ట్రాక్ ఎక్కేలోపే ఓపిక అయిపోతుంది. కాబట్టి సైకిల్ కారు మీద వెళ్లాలి. డిక్కీకి తగిలించే క్యారియర్ చవకే గానీ నంబర్ ప్లేట్, టెయిల్ ల్యాంపులు మూసేస్తుంది. మిగిలింది టాప్.

ర్యాక్ అనగానే అందరూ అడిగేది "ఎంత బరువు మోస్తుంది?" అని. దానికి జవాబు మీ కారు మాన్యువల్‌లో రూఫ్ లోడ్ అనే చోట ఉంటుంది. చిన్న కార్లకు 50 కిలోల దరిదాపుల్లో ఇస్తారు, ర్యాక్ బరువు కూడా అందులోదే. గేట్లు, గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపులో వాడే 25 ఎంఎం ఇనుప స్క్వేర్ పైపు (2 ఎంఎం మందం) మీటరుకు దాదాపు 1.4 కిలోలు. అదే సైజు అల్యూమినియం అర కిలో. ఇక్కడే సగం ప్రాబ్లమ్ తీరిపోతుంది.

అసలు కథ గాలిది. నిలబెట్టిన సైకిల్ ముందు నుంచి గాలికి అడ్డే అనుకోండి. డ్రాగ్ ఏరియా 0.3 చదరపు మీటర్లు తీసుకుంటే 80 స్పీడ్‌లో 9 కిలోల తోపు, 100లో 14, 120లో 20. స్పీడ్ ఒకటిన్నర రెట్లు అయితే తోపు రెండు రెట్లు దాటుతుంది. ఈ తోపు ర్యాక్ నుంచి 55 సెంటీమీటర్ల ఎత్తులో పడుతుంది, రెండు అడ్డ బార్ల మధ్య దూరం 70 సెంటీమీటర్లు అనుకుందాం. అంటే ముందు బార్ దగ్గర క్లాంప్‌ని గాలి పైకి లాగుతుంది: 80లో 7 కిలోలు, 100లో 11, 120లో దాదాపు 16. సైకిల్, ట్రే కలిపి 18 కిలోలైతే ఆ క్లాంప్ మీద కిందికి నొక్కే బరువు 9 మాత్రమే. 80 దాకా ఓకే. 100 దాటితే క్లాంప్ బరువు మోయడం లేదు, సైకిల్ ఎగిరిపోకుండా పట్టుకుంటోంది. ఓఆర్ఆర్‌లో ఫాస్ట్ లేన్ లిమిట్ 120 అని గుర్తుపెట్టుకోండి.

గట్టిగా బ్రేక్ వేస్తే ఇదే కథ రివర్స్‌లో, వెనక బార్ దగ్గర.

అందుకే డిజైన్‌లో రెండు మార్పులు. బార్ల మధ్య దూరం 90కి పెంచితే 100 స్పీడ్‌లో ఆ 11 కిలోలు ఎనిమిదిన్నరకి దిగుతాయి. ముందు చక్రం తీసి ఫోర్క్‌ని బిగించే టైప్ వాడితే సైకిల్ కిందికి దిగుతుంది, ఎత్తు 45 అనుకుంటే 9కి వస్తుంది. నా ఓటు ఫోర్క్ టైప్‌కే, ఇంకో కారణం కూడా ఉంది.

అది ఎత్తు. కారు 1.5 మీటర్లు, ర్యాక్ 12 సెంటీమీటర్లు, చక్రాలతో సైకిల్ 1.05. మొత్తం 2.67 మీటర్లు! మా చుట్టుపక్కలంతా రైల్వే లైన్లే, ఆలుగడ్డబావి లాంటి అండర్‌బ్రిడ్జిలు ఎటు వెళ్లినా తగులుతాయి. వాటికంటే డేంజర్ మీ అపార్ట్‌మెంట్ సెల్లార్, ఎందుకంటే పైన సైకిల్ ఉందన్న సంగతి ఇంటికొచ్చేసరికి మర్చిపోతాం. మొత్తం ఎత్తు రాసిన స్టిక్కర్ స్టీరింగ్ పక్కన అంటించండి.

త్రీడీ ప్రింటర్ ఉన్నవాళ్లకి ఒక మాట: బిగింపు పార్టులు పీఎల్ఏతో ప్రింట్ చేయొద్దు. అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, మే నెల ఎండలో కారు టాప్ ఆ వేడికి ఈజీగా వస్తుంది. క్యాప్‌లు, స్పేసర్లకి ఏఎస్ఏ ఓకే. లోడ్ పడే చోట మెటల్ మాత్రమే, ఎం8 బోల్ట్, నైలాక్ నట్. క్లాంప్ పాదం డోర్ ఫ్రేమ్ మీదో రెయిల్ మీదో కూర్చోవాలి, మధ్య రేకు మీద కాదు. కింద రబ్బర్ తప్పనిసరి. వీటన్నిటి మీద ఒక నైలాన్ స్ట్రాప్ విడిగా కట్టండి, క్లాంప్ వదిలినా సైకిల్ రోడ్డు మీద పడదు.

బయల్దేరిన 10 కిలోమీటర్లకి ఒకసారి ఆపి, ముందు బార్ బోల్టులు స్పానర్‌తో చెక్ చేయండి. వదులయ్యేది ముందు అవే.