శ్రుతి మార్చిన గిటార్ ఎందుకు అపశ్రుతి పలుకుతుంది? అపోహలు – వాస్తవాలు

సికింద్రాబాద్‌కు గిటార్ కొత్త కాదు. దక్షిణ లాలాగూడ రైల్వే క్వార్టర్ల ఆంగ్లో ఇండియన్ కుటుంబాల్లో, ఇక్కడి చర్చి క్వయర్లలో అది ఎప్పటినుంచో ఇంటి వాయిద్యం. ఇప్పుడు మారేడ్‌పల్లి నుంచి తార్నాక దాకా వీడియోలు చూసి నేర్చుకునే పిల్లలు ఎందరో. ఇ-ఏ-డి-జి-బి-ఇ అనే మామూలు శ్రుతి మీద చేయి తిరిగాక వాళ్ల మనసు కొత్త శ్రుతుల మీదికి పోతుంది. ఆరో తీగను ఒక్కదాన్నే దించే డ్రాప్ డి, తీగలన్నీ కలిపి మీటితే ఒక కార్డ్ పలికే ఓపెన్ డి, 1960లలో ఇంగ్లిష్ గిటారిస్ట్ డేవీ గ్రేహమ్ ప్రచారంలోకి తెచ్చిన డి-ఏ-డి-జి-ఏ-డి.

చిక్కు అక్కడే మొదలవుతుంది. ట్యూనర్ అంతా సరిగా ఉందంటుంది, చెవి ఒప్పుకోదు. నేరం గిటార్ మీద పడుతుంది. నిజానికి చాలాసార్లు గిటార్‌లో లోపమేమీ ఉండదు. శ్రుతి మారిందంటే తీగ బిగువు, నెక్ వంపు, ఫ్రెట్ మీద వేలి ఒత్తిడి, అన్నీ మారతాయి. ఈ సంగతి చెప్పేవాళ్లు లేకే ఇన్ని అపోహలు.

అపోహ: కీలు తిప్పి ట్యూనర్‌లో ఒకసారి సరిచూసుకుంటే శ్రుతి మారినట్టే.

వాస్తవం: మామూలు స్టీల్ తీగల అకూస్టిక్ గిటార్ మీద ఆరు తీగలూ కలిసి దాదాపు 70 కిలోల బరువుతో నెక్‌ను లాగుతుంటాయి. డి-ఏ-డి-జి-ఏ-డి కోసం ఒకటి, రెండు, ఆరు తీగలను ఒక్కో స్వరం దించితే అందులో ఆరు కిలోలకు పైగా తగ్గుతుంది. లాగే బలం తగ్గగానే నెక్ కాస్త వెనక్కి సర్దుకుంటుంది. దాంతో మనం ముట్టుకోని మిగతా మూడు తీగలు కొద్దిగా హెచ్చుతాయి. అందుకే ఒక్క చుట్టుతో పని కాదు. ఆరు తీగలూ వరసగా సరిచేసి, మళ్లీ మొదటి నుంచి రెండు మూడు చుట్లు రావాలి. స్ప్రింగుల మీద తేలే ట్రెమొలో బ్రిడ్జ్ ఉన్న ఎలక్ట్రిక్ గిటార్‌లో ఈ తేడా మరీ ఎక్కువ. ఒక్క తీగను దించితే చాలు, మిగతా ఐదూ హెచ్చుతాయి.

అపోహ: ట్యూనర్‌లో పచ్చ లైటు వెలిగితే శ్రుతి కలిసినట్టే.

వాస్తవం: ముందు ట్యూనర్‌నే చూడండి. అది 440 హెర్ట్జ్ మీద ఉందా, ఎవరైనా పొరపాటున 432కో 442కో మార్చారా? చాలా ట్యూనర్లు స్వరం పేరే చూపిస్తాయి, స్థాయి చెప్పవు. కాబట్టి దించాల్సిన తీగను పైకి బిగిస్తున్నా పేరు కలిసేదాకా తెలియదు, ఈలోపు తీగ తెగొచ్చు.

అసలు సంగతి మరొకటి ఉంది. ట్యూనర్ స్థాయిని పన్నెండు సమాన మెట్లుగా పంచి కొలుస్తుంది. మెట్టుకు నూరు సెంట్లు. ఆ లెక్కలో ఎఫ్ షార్ప్, డి కన్నా 400 సెంట్లు పైన ఉంటుంది. డితో సహజంగా కలిసిపోయే అంతర గాంధారం మాత్రం 386 సెంట్ల దగ్గరే ఉంది. పంచమంలో తేడా రెండు సెంట్లే కాబట్టి చెవికి ఆనదు. గాంధారంలో 14 సెంట్లు. మామూలు శ్రుతిలో అది అలవాటైన చెవికి కూడా, తీగలన్నీ ఖాళీగా మోగే ఓపెన్ డిలో పట్టుబడుతుంది. తంబుర శ్రుతి పెట్టుకుని పాట నేర్చుకున్న ఇంటి పిల్లలకైతే ఇంకా త్వరగా తెలుస్తుంది. వాళ్ల చెవి తప్పు కాదు.

ఇది మీరే విని చూడొచ్చు. ఓపెన్ డి అంటే డి-ఏ-డి-ఎఫ్ షార్ప్-ఏ-డి. ట్యూనర్‌తో పక్కాగా కలిపాక నాలుగో తీగను, మూడో తీగను కలిపి మీటండి. శబ్దంలో సెకనుకు ఆరు దాకా సన్నని అలలు లేచి పడుతుంటాయి. మూడో తీగ కీని వెంట్రుకవాసి వదులు చేస్తూ పోండి. అలల వేగం తగ్గి ఒకచోట నిలిచిపోతుంది, రెండు స్వరాలూ ఒకటిగా కలిసి మోగుతాయి. అక్కడ ట్యూనర్ ముల్లు 14 సెంట్లు తక్కువ చూపిస్తుంది. దాన్ని పట్టించుకోవద్దు. స్లైడ్‌తో వాయించినా, ఒక్క వేలు అడ్డంగా వేసి కార్డ్ పట్టినా ఈ శ్రుతి హాయిగా ఉంటుంది. అదే తీగ మీద మొదటి ఫ్రెట్ నొక్కితే వచ్చే జి మాత్రం తగ్గి పలుకుతుంది. అలాంటి కార్డులు పాటలో ఉంటే ఆరేడు సెంట్లు దించి ఆపండి.

అపోహ: ఏ తీగల సెట్ అయినా ఏ శ్రుతికైనా పనికొస్తుంది.

వాస్తవం: తీగ బిగువు దాని కంపన వేగం వర్గాన్ని బట్టి మారుతుంది. ఆరో తీగ 82.4 హెర్ట్జ్ ఇ నుంచి 73.4 హెర్ట్జ్ డికి దిగితే బిగువు 20 శాతం పైగా పడిపోతుంది. సడలిన తీగ వెడల్పుగా ఊగి ఫ్రెట్లకు తగులుతుంది, గరగర వస్తుంది. గట్టిగా మీటితే స్వరం మొదట హెచ్చి తర్వాత దిగుతుంది. ఎప్పుడూ దించిన శ్రుతిలోనే వాయించేవాళ్లు సెట్‌లో ఒక సైజు లావు తీగలు వేసుకోవాలి. కొత్త తీగ నట్ గాడిలో పడుతుందో లేదో కూడా చూసుకోవాలి.

పైకి బిగించేటప్పుడు ప్రమాదం ఎక్కువ. ఒక స్వరం పెంచితే బిగువు 26 శాతం పెరుగుతుంది. ఓపెన్ ఏ కోసం మూడు తీగలను అలా పెంచే బదులు ఓపెన్ జికి దించి రెండో ఫ్రెట్ మీద కాపో వేస్తే అదే శ్రుతి వస్తుంది. బ్రిడ్జ్ మీద భారం ఉండదు.

శ్రుతికి తగ్గట్టు వాయిద్యాన్నే సిద్ధం చేసుకోవడానికి మన దగ్గరే గొప్ప ఉదాహరణ ఉంది. 1969లో పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్. మాండలిన్‌కు మామూలుగా జంటలుగా ఎనిమిది తీగలు. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ మీద జంటలు వదిలి ఒంటి తీగలు కట్టి, ఐదో తీగ చేర్చి, షడ్జమ పంచమాలకు శ్రుతి చేసుకున్నారు. కర్ణాటక సంగీతం ఆ వాయిద్యం మీద అంత చక్కగా పలకడంలో ఆ మార్పులకూ వాటా ఉంది.

అపోహ: శ్రుతి నిలవడం లేదంటే కీలు పాడైనట్టే.

వాస్తవం: ఎక్కువసార్లు దోషం నట్ గాడిది. కీ తిప్పుతుంటే స్వరం కదలకుండా ఉండి, 'టిక్' అన్న శబ్దంతో ఒక్కసారిగా దూకిందంటే తీగ గాడిలో ఇరుక్కుంటోందని అర్థం. తీగ వదులు చేసి, మెత్తని పెన్సిల్ ములుకును గాడిలో రుద్దితే ఆ గ్రాఫైట్ పొడి మీద తీగ జారుతుంది. ఇంకో అలవాటు చేసుకోవాలి. స్వరానికి ఎప్పుడూ కింది నుంచే రావాలి. డికి దించాలంటే డి కన్నా కిందికి దించి, మళ్లీ బిగిస్తూ డి దగ్గర ఆపాలి. పైనుంచి దించి వదిలేస్తే పళ్లచక్రంలో మిగిలిన సందు వాయిస్తుండగా సర్దుకుని స్వరం జారుతుంది.

అపోహ: పై ఫ్రెట్లలో స్వరం తప్పితే ట్రస్ రాడ్ తిప్పాలి.

వాస్తవం: ట్రస్ రాడ్ నెక్ వంపును సరిచేయడానికి. పై ఫ్రెట్ల స్వరాన్ని, అంటే ఇంటొనేషన్‌ను, సరిచేసేది శాడిల్. పన్నెండో ఫ్రెట్ మీద తీగను తాకీ తాకనట్టు తాకి హార్మోనిక్ వినండి. తర్వాత అదే చోట నొక్కి మీటండి. నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే శాడిల్‌ను వెనక్కి, తగ్గుగా ఉంటే నట్ వైపు ముందుకు జరపాలి. ఎలక్ట్రిక్ గిటార్‌లో స్క్రూతో జరుగుతుంది. అకూస్టిక్‌లో శాడిల్ ఎముకను అరగదీయాలి, అది తెలిసినవాళ్లే చేయాలి. వీణకు మైనం మీద మెట్లు మళ్లీ నిలిపి మేళం కట్టించడం లాంటి పనే ఇది. దీనికి ముందు తీగలు కొత్తవి వేయండి. చెమటకు తుప్పెక్కిన తీగ ఎంత సర్దినా సరిగా పలకదు. వేలి ఒత్తిడీ తగ్గించి చూడండి. సడలిన తీగను గట్టిగా నొక్కితే స్వరం దానంతటదే హెచ్చుతుంది.

అపోహ: నిన్న బాగా పలికి ఇవాళ పలకలేదంటే గిటార్ నాసిరకం.

వాస్తవం: సికింద్రాబాద్ వాతావరణాన్ని లెక్కలోకి తీసుకోండి. మే నెల మధ్యాహ్నాల్లో ఎండ 40 డిగ్రీలు దాటి, గాలిలో తేమ 30 శాతం లోపుకు దిగుతుంటుంది. ఆగస్టులో 70 శాతం దాటుతుంది. ఎండిన కట్టె కుంచించుకుంటుంది. గిటార్ ముందుపలక కుంగి తీగలు ఫ్రెట్లకు దగ్గరవుతాయి, గరగర మొదలవుతుంది. వానాకాలంలో పలక ఉబ్బి తీగలు పైకి లేస్తాయి, నొక్కినప్పుడు స్వరం హెచ్చుతుంది. ఎయిర్ కూలర్ ముందు పెట్టిన గిటార్‌కు తేమ ఎక్కువవుతుంది, ఏసీ గదిలో గోడకు వేలాడదీసినది ఎండిపోతుంది. పెట్టెలో ఉంచి తేమను 45–55 శాతం మధ్య నిలుపుకుంటే చాలు. ఖరీదైన సాలిడ్ వుడ్ గిటార్లకే ఈ జాగ్రత్త ఎక్కువ అవసరం.

ముందు ఏం చూడాలి?

ఈ వరస పాటించండి. ట్యూనర్ సెట్టింగ్, తీగల వయసు, రెండు మూడు చుట్లు శ్రుతి, నట్ గాడి, ఓపెన్ శ్రుతిలో గాంధారం, పన్నెండో ఫ్రెట్ పరీక్ష. కార్డ్ ఆకారం కూడా చూసుకోండి. మామూలు శ్రుతిలో నేర్చుకున్న జి కార్డ్‌ను డి-ఏ-డి-జి-ఏ-డిలో అలాగే పట్టుకుంటే అది జి కార్డ్ కాదు. ఇవన్నీ అయ్యాక కూడా కుదరకపోతేనే రిపేరు చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. ఏ శ్రుతిలో వాయిస్తారో ముందే చెప్పి, ఆ శ్రుతిలోనే సెటప్ చేయమని అడగండి. మామూలు శ్రుతికి చేసిన సెటప్‌తో తిరిగొస్తే సమస్య మళ్లీ మొదటికొస్తుంది.

ఈ పరీక్షల్లో చాలావాటికి ఖర్చు లేదు, వినే ఓపిక ఒక్కటి ఉంటే చాలు. అవి చేయకుండా గిటార్‌ను తప్పుపట్టడం, అంతకన్నా ముఖ్యంగా తేడా పట్టుకున్న మీ చెవిని అనుమానించడం, రెండూ అన్యాయమే.